చేతుల వణుకు: మందుల వల్ల వచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మగారికి 66 ఏళ్లు. కడుపు ఉబ్బరానికి ఏడాదిగా రోజూ ఒక గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటున్నారు. కొన్ని నెలలుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక బాగా నెమ్మదించింది, ముఖంలో కదలిక తగ్గింది. పార్కిన్సన్స్ అని అందరూ అంటున్నారు. ఇక ఇది తగ్గదా?

జవాబు: అప్పుడే ఆ నిర్ణయానికి రావద్దమ్మా. ముందు ఆ క్యాప్సూల్ అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఏమి రాసి ఉందో చూడండి. గ్యాస్ మాత్ర అని మనం పిలిచే కొన్నింటిలో ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు లెవోసల్పిరైడ్ అనే రెండో మందు కూడా కలిసి ఉంటుంది. అది కడుపు కదలికను పెంచుతుంది కానీ, మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిచేసే చోట అడ్డుపడుతుంది. పార్కిన్సన్స్‌లో డోపమిన్ తయారుచేసే కణాలే నశిస్తాయి. ఇక్కడ కణాలు బాగానే ఉన్నా డోపమిన్ పని జరగదు కాబట్టి, పైకి కనిపించే లక్షణాలు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు నెలల తరబడి వాడే సిన్నరిజిన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లూనరిజిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ కూడా ఇదే పని చేయగలవు.

పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్క మొదలవుతుంది. మందుల వల్ల వచ్చేది ఎక్కువగా రెండు పక్కలా ఒకేసారి కనిపిస్తుంది. ఈ ఒక్క తేడాతోనే తేల్చలేము గనుక, అమ్మగారు వాడే మందులన్నీ, కొట్టులో అడిగి కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని న్యూరాలజిస్టుకు చూపించండి. కారణమైన మందు ఆపిన కొన్ని వారాలకు, ఒక్కోసారి ఆరు నెలలకు గాని మనిషి తేరుకోరు. కొందరిలో మాత్రం లక్షణాలు మిగిలిపోతాయి. అప్పటికే లోపల మొదలైన పార్కిన్సన్స్‌ను మందు బయటపెట్టిందని అప్పుడు అనుమానించాలి. ఇది గుర్తించకుండా వణుకుకు మరో మాత్ర, దాని మలబద్ధకానికి ఇంకో మాత్ర చేర్చుకుంటూ పోవడం నన్ను చాలా బాధపెట్టే విషయం.

ఒక హెచ్చరిక తప్పదు. మానసిక వ్యాధికి ఇచ్చిన మందును వణుకు వచ్చిందని ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపకూడదు, జబ్బు తిరగబెడుతుంది. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు ఉంది, మందులు సరిగా వేసుకోరు. రెండు రోజులుగా ఎడమ చెయ్యి, కాలు వాటంతట అవే విసురుగా ఆడుతున్నాయి. స్పృహలోనే ఉన్నారు. ఇది మూర్ఛా?

జవాబు: ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తంలో షుగరు విపరీతంగా పెరిగినప్పుడు, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, శరీరంలో ఒక పక్క ఇలా ఆడటం మొదలుకావచ్చు. దీన్ని కొరియా అంటారు. పక్షవాతం వల్ల కూడా సరిగ్గా ఇలాగే జరగవచ్చు కాబట్టి, షుగరు పరీక్షతో పాటు మెదడు స్కాన్ కూడా అవసరం. కారణం షుగరే అయితే దాన్ని అదుపులోకి తెచ్చాక చాలామందికి తగ్గిపోతుంది, కొందరికి కొన్నాళ్లు అదనంగా మందు పడుతుంది. థైరాయిడ్ ఎక్కువైతే వేళ్లలో సన్నటి వణుకు, కాలేయం దెబ్బతింటే చాచిన అరచేతులు రెక్కల్లా వాలిపోవడం కనిపిస్తాయి. అందుకే కదలికల్లో తేడా వచ్చిన ప్రతివారికీ ఈ రక్తపరీక్షలు కూడా చేయిస్తాము.