ఏడో నెలలో అన్నం తగ్గించకు అమ్మలూ

అమ్మలూ,

శ్రీమంతం ఫొటోలు చూశాను. చేతినిండా గాజులున్నాయి గానీ ముఖం పీక్కుపోయింది. మీ అమ్మని అడిగితే, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని మీ నాయనమ్మ రాత్రిపూట అన్నం మాన్పించారంది. అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు.

ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను కదా. కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి ఎందరు పసివాళ్లని తూచానో! ఒకసారి ముల్లు 2 కిలోల దగ్గరే ఆగిపోయింది. ఆ తల్లి కూడా కాన్పు తేలికవుతుందని చివరి రెండు నెలలు పూటకి నాలుగు ముద్దలతో సరిపెట్టింది. పాపకి రొమ్ము పట్టే ఓపిక లేదు. పాలు పిండి చెంచాతో పట్టాం. ఒళ్లు చల్లబడకుండా తల్లి రాత్రంతా ఎదకి ఆనించుకునే ఉంది.

ఏడో నెలలో కిలో ఉన్న బిడ్డ నెలలు నిండేసరికి 3 కిలోల దాకా వస్తుంది. అంటే ఒళ్లు పట్టేది ఇప్పుడే. రెండున్నర కిలోల లోపు పుడితే తక్కువ బరువనే లెక్క. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండి దొరకని కరువొచ్చింది. చివరి నెలల్లో పస్తులున్న తల్లుల పిల్లలు దాదాపు 300 గ్రాములు తక్కువ పుట్టారు. వాళ్లకంటే గతిలేదు, నీకేం ఖర్మ?

ఇద్దరి తిండీ తినమనడం లేదు. రోజూ తినేదానికి 350 కేలరీలు కలిస్తే చాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు, అంతే. కడుపు బిగిసినట్టుంటే కొంచెం కొంచెంగా ఐదుసార్లు తిను. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకో. పుణె దగ్గరి పల్లెల్లో చూస్తే, ఆకుకూరలూ పళ్లూ తరచుగా తిన్న తల్లుల పిల్లలు బరువుగా పుట్టారు. అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు, వెళ్లడానికి మొహమాటపడకు.

ఐరన్ మాత్ర టీతోగానీ కాల్షియం మాత్రతోగానీ వేసుకోకు, ఒంటికి పట్టదు. విరేచనం నల్లగా వస్తే టెన్షన్ పడకు, అది మాత్ర వల్లే. షుగర్ ఉందంటే మాత్రం నా మాట పక్కనపెట్టి డాక్టరు చెప్పినట్టే తిను.

నాయనమ్మతో గొడవపడకు. ఆవిడ భయం ఆవిడది. ఈసారి చెకప్‌కి వెంట తీసుకెళ్లి, ఆ మాటేదో డాక్టరమ్మ చేతే చెప్పించు. నీ బరువు ఎంత పెరిగిందో కార్డు ఫొటో తీసి పంపు. ఆదివారం వస్తున్నా, పల్లీ ఉండలు తెస్తాను.

నీ పెద్దమ్మ