చేని ఆకు మంచిదే, కానీ అరికాళ్ల తిమ్మిర్లు దాంతో పోవు

ప్రశ్న: నా వయసు 36. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడేళ్ల కిందట మాంసం, గుడ్లు మానేశాను. ఏడాదిన్నరగా పాలు, పెరుగు కూడా ముట్టడం లేదు. వానలు పడ్డాక మా అత్త చేనికి పోయి గురుగాకు, చెంచలాకు, గంగపాయలాకు, చిర్రాకు ఒడి నిండా కోసుకొస్తుంది. అవే వండుకుంటున్నాను. మొన్న పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. రెండు నెలలుగా అరికాళ్లలో తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉంటోంది. ఈ ఆకులు రోజూ తింటే రక్తం పడుతుందా? ఎట్లా వండితే మంచిది? మామకు కిడ్నీలో రాయి ఉంది. గలిజేరాకు తింటే కరిగిపోతుందని వీడియోల్లో చెబుతున్నారు, పెట్టవచ్చా?

జవాబు: అమ్మా, మీరు ఆకుల గురించి అడిగారు. నేను మాత్రం అరికాళ్ల దగ్గర మొదలుపెడతాను. ఈ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది హిమోగ్లోబిన్ కాదు, ఆ తిమ్మిర్లే.

ఇలాంటి తిమ్మిర్లు విటమిన్ బి12 తక్కువైతే రావచ్చు. ఆ బి12 ఏ ఆకులోనూ ఉండదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే ఉంటుంది. మీరు ఇవన్నీ మానేశారు. పాలు మానేసి ఏడాదిన్నరే కదా అనుకోవచ్చు. నిజమే, లివర్‌లో దాచుకున్న బి12 కొన్నేళ్ల పాటు వస్తుంది. కానీ అంతకుముందు కూడా మాంసం ఎప్పుడో పండగకి, రోజూ అన్నంలోకి పల్చటి మజ్జిగ, ఇదే మీ తిండి అయి ఉంటే ఆ నిల్వ మొదటి నుంచీ తక్కువే. సద్దన్నంలో, పులిసిన పిండిలో బి12 పుడుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. సద్దన్నం కడుపుకు మంచిదే, నేనూ తింటాను. బి12 కోసం మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆకుకూరల్లో ఫోలేట్ (రక్తం తయారీకి కావాల్సిన మరో బి విటమిన్) పుష్కలం. బి12 లేకపోయినా ఒంట్లో ఫోలేట్ బాగా ఉంటే, ముఖ్యంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా తోడైతే, రక్తం కొంత మెరుగుపడినట్టు రిపోర్టులో కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకని ముందు రక్తం ఇచ్చి బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), పూర్తి బ్లడ్ కౌంట్, షుగర్ చూపించుకోండి. షుగర్ ఎందుకంటే తిమ్మిర్లు దానివల్లా రావచ్చు. రక్తం ఇచ్చాకే మాత్రలు మొదలుపెట్టండి, లేకపోతే లెక్క తప్పుతుంది. బి12 తక్కువని తేలితే ఇంజెక్షన్లా, మాత్రలా అనేది చూసే డాక్టరు చెబుతారు. ఎలా చూసినా, పాలు, గుడ్డు మానేసినవాళ్లు బి12 మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే. ఇది బలానికి వేసుకునే టానిక్ కాదు, మీ తిండిలో లేని భాగం.

ఇక రక్తం సంగతి. మీ వయసు ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 9.4 అంటే ఆకుతో పూడ్చే లోటు కాదు, ఫెరిటిన్ తక్కువని తేలితే ఐరన్ మాత్రలు కావాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, చెప్పుల్లేకుండా చేలో తిరుగుతారా అన్నవి కూడా డాక్టరుకు చెప్పండి. కొంకిపురుగులు మట్టిలోంచి కాలి చర్మం గుండా ఒంట్లోకి చేరి పేగుల్లో రక్తం తాగుతాయి. మాత్రలతో రక్తం పెరిగాక దాన్ని నిలబెట్టే పని ఆకుకూరలది. ఆ పనికి మీ అత్తగారి ఒడి కంటే మంచి దుకాణం లేదు.

వండే దగ్గర నేను చూసే పెద్ద పొరపాటు ఆకును ఒంటరిగా వండటం. ఆకులోని ఐరన్ మాంసంలోని ఐరన్‌లా తేలిగ్గా ఒంటికి పట్టదు, దానికి తోడు కావాలి. మా అవ్వ చెంచలాకును కందిబేడల్లో వేసి, పచ్చిమిరపకాయలతో ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డలు బాగా దంచి తిరగమాత పెట్టేది. ఆమెకు సైన్స్ తెలియదు గానీ పని సరిగ్గానే చేసింది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కలిస్తే ధాన్యాలు, పప్పుల్లోని ఐరన్, జింక్ అందుబాటు పెరుగుతుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ల్యాబ్ పరీక్షల్లో చూశారు. అవ్వ పద్ధతిలో నేను మార్చేది ఒక్కటే, పులుపు. ఆకులోని ఐరన్ ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది. మన సీమలో పులుపంటే చింతపండే. దాంట్లో విటమిన్ సి చాలా తక్కువ, పైగా ఐరన్‌ను పట్టనివ్వని టానిన్లు ఉంటాయి. రుచికి కొంచెం వేసుకోండి. దించి, కాస్త చల్లారాక కంచంలో నిమ్మకాయ పిండుకోండి. పొయ్యి మీద పిండితే వేడికి విటమిన్ సి పోతుంది. పక్కన ఒక పచ్చి టమాట ముక్కో, జామకాయో ఉన్నా సరే.

అన్నం తిన్న వెంటనే టీ వద్దు. గంట, గంటన్నర ఆగండి. చేనికి పోయే హడావిడిలో సంగటి తిని టీ తాగి బయలుదేరడం మనకు అలవాటు, అది తిన్న ఐరన్‌ను సగం దారిలోనే ఆపేస్తుంది.

నూనె కూడా మరీ పిసినారితనంగా వేయొద్దు. ఆకులోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. గురుగాకు వేపుడులో వేయించిన శెనక్కాయల పొడి రెండు చెంచాలు చల్లితే రుచీ, కొవ్వూ, ప్రొటీనూ మూడూ వస్తాయి. పాలు మానేశారు కాబట్టి కాల్షియం కోసం రాగి సంగటి వదలొద్దు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఉలవలు, అలసందలు వారంలో రెండు మూడుసార్లు రావాలి. ఆకు కొలత రోజుకు పచ్చిది 100 గ్రాములు చాలు, ఉడికితే చిన్న గిన్నెడు అవుతుంది.

కోసుకొచ్చే చోటు చూసుకోమని అత్తగారికి చెప్పండి. శెనగ చేనుకు గడ్డిమందు కొట్టి ఉంటే ఆ సీజన్ అక్కడి ఆకు ముట్టొద్దు. మనం కూర అనుకునేది పక్క రైతుకు కలుపు. గంగపాయలాకు కాడ తుంచితే పాలు రాకూడదు. వస్తే అది నేల మీద పాకే వేరే మొక్క, పారేయండి. తగిరిసాకు కోసేటప్పుడు ఇంకా జాగ్రత్త. దానికి ఒక్కో రెమ్మకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రంగా ఉంటాయి. అలాగే కనిపించే కసిందకు ఎక్కువ జతలు, కొసలు మొనదేలి ఉంటాయి. కసింద గింజలు తిని ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పిల్లలు చనిపోయారు. ఆకుల పేర్లు ఊరూరికీ మారతాయి, అందుకే పేరు విని కాదు, మొక్కను చూసి కోయాలి.

మామగారి విషయం. గలిజేరు రాయిని కరిగిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా తెల్ల గలిజేరు, గంగపాయలాకు, తోటకూర జాతి ఆకుల్లో ఆక్సలేట్ ఎక్కువ. ఎక్కువమందిలో కిడ్నీ రాయి కాల్షియం ఆక్సలేట్‌తోనే తయారవుతుంది. కరుగుతుందని పెట్టేదే రాయిని పెంచవచ్చు. ముదిరిన గలిజేరాకు తింటే విరేచనాలు కూడా పడతాయి. ఆయన ఆకు తినాలనుకుంటే ఎప్పుడైనా ఒకసారి, బాగా ఉడికించి నీళ్లు వంపేసి పెట్టండి. ఆక్సలేట్ చాలావరకు ఆ నీళ్లలో పోతుంది. మీరు మాత్రం నీళ్లు వంపొద్దు, మీకు కావాల్సిన ఫోలేట్ కూడా దాంతోనే పోతుంది. ఒకే ఆకు, రెండు గిన్నెలు. తప్పదు.

మీతో పాటు ఆయన్ని కూడా పెరుగు మానిపించకండి. రాయి ఉందని కాల్షియం తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. అన్నంతో పాటు పెరుగో మజ్జిగో తీసుకుంటే అందులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది. నీళ్లు మన ఎండకు మూడు లీటర్లకు తగ్గకుండా తాగాలి. అయితే కాళ్లవాపు ఉన్నా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగి ఉన్నా ఈ నీళ్ల లెక్క, ఆకుల లెక్క రెండూ మారతాయి. గుండె జబ్బుకు వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆకుకూర ఒక రోజు గంపెడు, ఒక రోజు సున్నా అన్నట్టు ఉండకూడదు. మీరు పరీక్షలకు వెళ్లేరోజు ఆయన్ని, ఆయన స్కానింగ్ కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. వారం ఆగొద్దు.