మంచులో క్రేన్లు చూడాలంటే గది ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నాకూ మా ఆవిడకీ పక్షులంటే ప్రాణం. జపాన్ వెళ్లి మంచులో క్రేన్లను, అంటే సారస కొంగలను, చూడాలని అయిదేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాం. వచ్చే ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు అనుకుంటున్నాం. ఉత్తరాన కుషిరో, రౌసు, దక్షిణాన ఇజుమి మూడూ కలిసొచ్చేలా ప్లాన్ వేశాను. తెలిసినవాళ్లంతా జపాన్ రైళ్లలో తిరిగే జేఆర్ పాస్ కొనమంటున్నారు. కుషిరో స్టేషన్ దగ్గర చవక హోటల్లో దిగి, రోజూ బస్సులో వెళ్లి రావాలని ఆలోచన. ఎక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చు?

జవాబు: మాస్టారూ, ముందు ఇజుమి కొట్టేయండి. అది గొప్ప చోటు కాదని కాదు. చలికాలంలో పదివేలకు పైగా క్రేన్లు దిగే పొలాలవి. ప్రపంచంలో ఉన్న హుడెడ్ క్రేన్లు అనే జాతిలో ఎక్కువ భాగం అక్కడే చలికాలం గడుపుతాయి. కానీ ఇజుమి నైరుతిన క్యూషూ దీవిలో, కుషిరో ఈశాన్యాన హొక్కైడో తూర్పు కొసన. తొమ్మిది రోజుల్లో రెండూ పెట్టుకుంటే పక్షుల కంటే రైలు కిటికీలే ఎక్కువ చూస్తారు. దానికి మరోసారి విడిగా వెళ్లండి.

ఇజుమి తీసేస్తే జేఆర్ పాస్ అవసరమూ పోతుంది. 2023 అక్టోబరులో రేట్లు పెంచాక ఏడు రోజుల మామూలు పాస్ మనిషికి 50,000 యెన్లయింది. మీరు తిరిగే నాలుగు ఊళ్లకు ఆ డబ్బు రాబట్టుకోలేరు. టోక్యో నుంచి కుషిరోకు విమానం ఎక్కండి. విదేశీ యాత్రికులకు అక్కడి కంపెనీలు దేశీయ టికెట్లు ప్రత్యేక ధరకు ఇస్తాయి, వాటిని అడగండి. ఇంకా తగ్గాలంటే సప్పోరో దాకా చవక విమానంలో వెళ్లి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు. రాత్రి బస్సయితే ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. అయితే ఫిబ్రవరి మొదట్లో సప్పోరోలో మంచు పండుగ, గదుల ధరలు మండిపోతాయి. నెల మధ్యకు జరపండి. రౌసు దగ్గర సముద్రంలో తేలే మంచుకూ అదే మంచి కాలం.

ఇక మీ అసలు ప్రశ్న, బస. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. మొదటిసారి నేనూ మీలాగే లెక్కేసుకున్నాను. స్టేషన్‌కు అయిదు నిమిషాల దూరంలో రాత్రికి 6,500 యెన్ల గది, ఉదయం టిఫిను అందులోనే. గదికి ఏ వంకా పెట్టలేను. పొద్దున బస్సెక్కి క్రేన్లు ఉండే త్సురుయి గ్రామానికి వెళ్లాను. నేను దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఒతోవా వంతెన దాకా నడిచి చూస్తే నది ఖాళీ! రాత్రి నీళ్లలో నిలబడి నిద్రపోయిన క్రేన్లన్నీ మేతకు ఎగిరిపోయాయి. చెట్లకు పట్టిన తెల్లటి నూగు కూడా కరిగి రాలిపోతోంది. మూడు రోజులు అదే బస్సు, అదే ఖాళీ నది. నాలుగో రోజు చీకటుండగానే టాక్సీ మాట్లాడుకున్నాను. మూడు రాత్రులు గదిలో మిగిల్చుకున్నదంతా ఆ ఒక్క పొద్దుకే సరిపోయింది.

రెండోసారి త్సురుయిలోనే ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాను. అద్దె కాస్త ఎక్కువే, కానీ ఇంటాయన అయిదున్నరకు తన వ్యాన్‌లో వంతెన దగ్గర దింపేవాడు. చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. ఊటనీరు కలిసే ఆ నది గడ్డకట్టదు, పైన గాలి కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి నీళ్ల మీద ఆవిరి లేస్తుంది. నక్కలు రాలేవని క్రేన్లు ఆ నీళ్లలోనే ఒంటికాలి మీద రాత్రి గడుపుతాయి. ఆరు దాటాక పొగలోంచి ఒక మెడ లేచింది, పక్కన ఇంకొకటి. మగది తల వెనక్కి వాల్చి ఒక్క కూత పెడితే ఆడది రెండు మూడు కూతలతో బదులిచ్చింది. కూసిన ప్రతిసారీ ముక్కులోంచి ఆవిరి పొగలా వచ్చింది. ఎండ పడగానే ఆ పొగ బంగారు రంగుకు తిరిగింది. ఆ నాలుగైదు నిమిషాల కోసమే మీరు అయిదేళ్లు డబ్బు దాచారు మాస్టారూ.

అందుకే నా మాట: త్సురుయిలో మూడు రాత్రులు. బుక్ చేసే ముందే రెండు సంగతులు అడగండి: తెల్లవారుజామున వంతెన దగ్గర దింపుతారా, రాత్రి భోజనం పెడతారా. ఆ ఊళ్లో చీకటి పడ్డాక తిండి దొరికే చోట్లు తక్కువ. మిన్‌షుకు అనే ఇంటి బసలో ధర గదికి కాదు, మనిషికి. రెండు పూటల భోజనం కలిపి చెబుతారు, కాబట్టి ఎక్కువనిపించినా కంగారు పడకండి. మాంసం, చేప తినకపోతే ఆ మాట విడిగా రాయండి. ఉత్త కూరగాయల పులుసులా కనిపించేదానిలోనూ చేపతో కాచిన రసం ఉంటుంది. రొక్కం దగ్గర పెట్టుకోండి, పల్లెల్లో కార్డు అన్నిచోట్లా పనిచేయదు. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగే బుకింగ్‌లే చేయండి.

పగలు చూడ్డానికి పైసా ఖర్చు లేదు. వైల్డ్ బర్డ్ సొసైటీ ఆఫ్ జపాన్ 1987లో పెట్టిన ఇతో తాంచో శాంక్చువరీ, దానితోపాటు త్సురుమిదాయి అనే మేత చోటు, రెండూ ఊరి దగ్గరివే. చలికాలమంతా అక్కడ మొక్కజొన్న వేస్తారు. కంచె దాటకండి. జపాన్‌లో అంతరించాయనుకున్న ఈ తాంచోలు, అంటే నడినెత్తిన ఎర్ర మచ్చ ఉన్న క్రేన్లు, 1924లో కుషిరో చిత్తడి నేలల్లో పదీ ఇరవై కనిపించాయి. 1952 లెక్కకు ముప్ఫై మూడు. ఆ చలికాలంలో ఆకలితో ఉన్నవాటికి రైతులు గింజలు వేసి బతికించుకున్నారు, ఇప్పుడు వెయ్యి దాటాయి. దగ్గర్నుంచి చూసినప్పుడు ఒక సంగతి గమనించండి. నల్లటి తోక అని మనం అనుకునేది తోక కాదు, ముడుచుకున్న రెక్కల్లో ఒంటికి దగ్గరగా ఉండే ఈకలు. ఎగిరితే అసలు తోక తెల్లగా కనిపిస్తుంది.

డబ్బు ధారాళంగా పెట్టాల్సింది రౌసులో. కుషిరో నుంచి బస్సులో మూడున్నర గంటల దారి. తెల్లవారకముందే పడవలు గద్దలు వాలే మంచుపలకల దాకా వెళ్తాయి. స్టెల్లర్ సముద్రపు గద్ద రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది, పసుపు ముక్కు పలుగంత ఉంటుంది. గాలి వీస్తే పడవ ఆపేస్తారు, కాబట్టి రెండు రాత్రులు ఉండండి. పడవ లేని రోజున రేవు పక్క చెట్ల మీదే గద్దలు వాలి ఉంటాయి. కారు అద్దెకు తీసుకోవాలని కొందరు సలహా ఇస్తారు. మన ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, మనలాగే ఎడమవైపు నడుపుతారు, నిజమే. కానీ గడ్డకట్టిన రోడ్డు మీద ఎప్పుడూ నడపనివాళ్లు అక్కడ నేర్చుకోవద్దు.

ప్రశ్న: అక్కడి చలికి కెమెరా పాడవుతుందా?

జవాబు: చలికి పాడవదు, బ్యాటరీ మాత్రం తొందరగా దిగిపోతుంది. రెండు అదనంగా తీసుకెళ్లి లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. అసలు ప్రమాదం తిరిగి గదిలోకి వచ్చాకే. చల్లటి కెమెరా వెచ్చటి గదిలోకి రాగానే లోపలా బయటా నీరు పడుతుంది. బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూసి, గదిలో గంటసేపు విప్పకుండా వదిలేయండి. బైనాక్యులర్స్‌కీ అంతే. ఫొటోలు ఎలా వచ్చాయో చూడాలని చేతులు తొందరపడతాయి కాబట్టి, మెమరీ కార్డు బయటే తీసి జేబులో వేసుకోండి.