రెండు పడవలా, అడకత్తెరా?

సందేహం: 1920లో జలంధర్‌లో తుపాకులు కింద పెట్టేసిన ఐరిష్ సైనికుల మీద వ్యాసం రాస్తున్నాను. కొలువు బ్రిటిష్ సైన్యంలో, మనసేమో ఐర్లండ్ మీద. ‘రెండు పడవల మీద కాళ్లు పెట్టారు’ అని రాశాను. మా మిత్రుడేమో ‘రెంటికీ చెడ్డ రేవడి’ అనాలంటాడు. ఏది సరి?

సమాధానం: రెండు పడవలు వద్దండి. అందులో తిట్టు ఉంది. ఎటు లాభమో తేలేదాకా రెండూ వదలనివాణ్ణి అలా అంటాం. ఎన్నికల ముందు నాయకులకైతే అతుకుతుంది. ఈ ఐరిష్ సైనికులు, అంటే కనాట్ రేంజర్స్ అనే దళంవాళ్లు, లాభం లెక్క వేసుకున్నవాళ్లు కారు. ఊళ్లో తమవాళ్లను బ్రిటిష్ ప్రభుత్వపు ‘బ్లాక్ అండ్ టాన్స్’ బలగాలు హింసిస్తున్నాయని వింటూ, అదే బ్రిటిష్ రాజు ఇచ్చిన యూనిఫాంతో ఇక్కడ కాపలా కాస్తున్నారు. అది అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. నలగడమే తప్ప పోకచెక్క చేసిన తప్పేమీ లేదు.

ఆ మాటైనా జూన్ 28 వరకే. ఆ రోజు ఇక ఈ సైన్యంలో పని చెయ్యబోమని చెప్పేశారు. బజారులో గుడ్డ కొని మూడు రంగుల ఐరిష్ జెండా కుట్టించి ఎగరేశారు. సంగతి సిమ్లా కొండల్లోని సోలన్‌లో ఉన్న తమ దళంవాళ్లకీ పాకింది. అక్కడ ముందు నిలిచిన జేమ్స్ డాలీని నవంబర్ 2న ఆ దగ్గర్లోని దగ్‌షాయిలో కాల్చి చంపారు. తేల్చుకున్నవాణ్ణి పోకచెక్క అనలేం కదా. ‘ఎదురు తిరిగారు’ చాలు. రంప పితూరీ గుర్తొచ్చి ‘పితూరీ’ అనబోయేరు. ఇవాళ ఆ మాటకి చాడీ అనే అర్థమే ముందు తడుతుంది.

మీ మిత్రుడి సామెత మంచిదే, మనుషులు వేరు. ఏటికి రెండొడ్డులా బట్టలారేసి, వరదొస్తే అటూ ఇటూ పరుగెత్తి రెండూ పోగొట్టుకున్న చాకలి కథ అది. స్వపరిపాలన వస్తుందన్న ఐరిష్ నాయకుడు జాన్ రెడ్మండ్ మాట నమ్మి 1914లో బ్రిటన్ తరఫున మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఐరిష్‌వాళ్లు ఎందరో. బ్రిటిష్ పాలన మీద 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటుతో ఊరి మనసే మారిపోయింది. తిరిగొచ్చాక ఆ యూనిఫాంకి మర్యాద లేదు, స్వపరిపాలనా రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది వాళ్ల పని. బహువచనంలో ‘రేవళ్లు’ చెయ్యకుండా ఇలా వాడితే సహజంగా ఉంటుంది.

‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు’ అనే మాట ఎక్కడైనా రాయాల్సి వస్తే బ్రిటిష్ అధికారి నోట పెట్టండి, మీ మాటగా వద్దు.