స్పెక్ట్రమ్‌లో రంగులు అంటుకుంటున్నాయా? సెట్టింగ్ తప్పు కాదు

1980ల నాటి బ్రిటిష్ ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కోసం మీరు రాస్తున్న ఆటను ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌లా నడిచే ప్రోగ్రామ్‌లో) నడిపితే, పసుపు బొమ్మ చెట్టు పక్కకు రాగానే నడుము దాకా ఆకుపచ్చగా మారిపోతోందని, అదే కాలపు మరో కంప్యూటర్ కమోడోర్ 64లో ఈ బాధ లేదని అన్నారు. టెన్షన్ పడకండి, సెట్టింగులు కెలకకండి. ఆ మెషీన్ తీరే అంత.

స్పెక్ట్రమ్ తెరంతా 8×8 చుక్కల గళ్లు. ఒక్కో గడికి రెండే రంగులు, ఇంక్ (గీసే రంగు) ఒకటి, పేపర్ (వెనకాల రంగు) ఒకటి. అందుకే చెట్టున్న గడిలోకి వచ్చిన బొమ్మకి చెట్టు రంగే అంటుకుంటుంది. చుక్కలకు 6,144 బైట్లు, రంగులకు 768 బైట్లే. 1982లో 16కే (16 కిలోబైట్ల మెమరీ) మోడల్‌ని 125 పౌండ్లకు అమ్మాలంటే మెమరీ విషయంలో పిసినారితనం తప్పదు మరి! కమోడోర్‌లోని వీడియో చిప్ ఎనిమిది స్ప్రైట్లను (తెర మీద కదిలే చిన్న బొమ్మలను) వెనకాల బొమ్మతో సంబంధం లేకుండా విడిగా గీస్తుంది. అందుకే అక్కడ రంగు అంటదు.

బొమ్మను ఒకేసారి ఎనిమిది చుక్కలు జరిపితే కొంత తగ్గుతుంది గానీ, నడక కుంటినట్టు ఉంటుంది. దానికన్నా ఆట జరిగే చోటంతా ఒకే జత రంగులు పెట్టి, మిగతావి స్కోరుకీ అంచులకీ వాడుకోండి. అప్పట్లో బ్రిటన్ ప్రోగ్రామర్లు చాలామంది చేసిందిదే.

నేను స్పెక్ట్రమ్ పక్షమే. కమోడోర్‌లో శబ్దాలు పుట్టించే సిడ్ చిప్ పాట వినిపిస్తే మాత్రం కిక్కురుమనను.