పాపికొండలకు పోతున్న అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

మే నెలలో పాపికొండలకు పోతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి అన్నం వడ్డిస్తా చెప్పింది. ముద్ద నోట్లోనే నిలిచిపోయింది నాకు. వద్దని రాయడానికి కూర్చోలేదులే. నీ సంపాదనతో నువ్వు, స్నేహితురాళ్లను వెంటేసుకుని గోదారి చూడ్డానికి పోతుంటే వద్దనడానికి నోరెట్ల వస్తుంది? మీ తాతకు రాజమండ్రికి బదిలీ అయితే గానీ నేను ఎండాకాలంలో నీళ్లున్న ఏరు చూసిందే లేదు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు.

టోపీ, నీళ్ల బాటిళ్లు, మజ్జిగ నీకు చెప్పేపని లేదు. పెరుగన్నం మొదటి పూటకే తినేయండి, ఆ ఎండకు పులిసిపోతుంది. మధ్యాహ్నం మీద మబ్బు నల్లబడి గాలి లేస్తే, ఎంత బాగున్నా సరే, ఒడ్డుకు పట్టమని సరంగును అడగండి. సిగ్గుపడొద్దు.

లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం కొంచెం ఆగుతా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన తిరుపతోళ్లూ ఉన్నారు. అది వరద కాలం, మేం పోయేది ఎండాకాలం అంటావు. సరే. ఆ బోటును పైకి తీయడానికి నెల దాటింది, అన్ని దినాలూ నేను టీవీ ముందు నుంచి లేవలేదు. అందుకే చెప్తున్నా, ఫోటోల్లో బాగుండదని దాన్ని తీసి సీటు కింద పెట్టొద్దు. క్లిప్పు టక్కుమన్నదాకా నొక్కు. తర్వాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగు. గడ్డం దాకా లేచిందంటే అది నీ కొలత కాదు, ఇంకోటి ఇమ్మని అడుగు. కొండలు దగ్గరపడే చోట ముందర దారి మూసుకుపోయినట్టే ఉంటుంది, బోటు తిరిగేసరికి మళ్లీ నీళ్లే. అది చూడ్డానికి అందరూ ఒక పక్కకే ఎగబడతారు. మీరు కూర్చున్న చోటే కూర్చోండి. కొండ యాడికీ పోదు.

ఇదంతా ఎవరైనా చెప్తారు. నాకు భయం నీళ్లు కాదు, ఇసుక.

1983 మే. మీ నాయనకు ఎనిమిదేళ్లు. ఒక ఆదివారం దేవీపట్నం వైపు పోయి నాటు పడవ ఒకటి మాట్లాడుకున్నాం. నీళ్లు తగ్గి ఏటి నడుమ ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. తెల్లగా, అచ్చం మన స్వర్ణముఖి మాదిరే. నేను పుట్టింది కాళహస్తి పక్కన కదా, ఏడాదిలో ముక్కాలు భాగం మా ఏట్లో ఉండేది ఇసుకే. చెలమ తవ్వి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడి బిందె నింపేవాళ్లం. వెన్నెల్లో ఆ ఇసుకలోనే పడుకునేవాళ్లం. ఇసుకంటే మాకు నేలే.

తిన్నె మీద దిగినాక పడవాయన, "ఆ చివరికెళ్లకండమ్మా, అంచు కోసేసి ఉంటది" అన్నాడు. "మాకు ఇసుక కొత్తా?" అని నవ్వినా. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీ నాయన చెయ్యి పట్టుకుని మోకాళ్ల నీళ్లలో నడిచినా. ఒక అడుగుకు మోకాలు, ఇంకో అడుగుకు ఏమీ లేదు. ఏరు వంపు తిరిగే చోట ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, ఇంకో పక్క కోసుకుంటా పోతుంది. ఆ రెండూ కలిసే చోట అంచు గోడలాగా దిగిపోయి ఉంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. నీళ్ల కింద వదులు ఇసుక, అడుగు పడితే చాలు జర్రున జారిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

వాడి చెయ్యి నా చేతిలోంచి పోయింది. నేనే వదిలినానో, వాడే జారినాడో ఇన్నేళ్లయినా తేలలేదు. పడవాయన నాకు గెడ అందించి, తాను దూకి వాడి చొక్కా కాలరు పట్టుకుని లాగినాడు. వాడు నీళ్లు కక్కి, ఊపిరి తీసుకుని అన్న మొదటి మాట, "అమ్మా, నా చెప్పు పోయింది." ఇంటికి వచ్చేదాకా మీ తాత నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

కపిలతీర్థంలో మీ నాయన మెట్టు మీదే నిలబడి చెంబుతో పోసుకుంటాడని మీరంతా నవ్వుతారే, అది ఇందుకు. ఎవరికీ చెప్పలేదు. వాడికి గుర్తుందో లేదో కూడా నేను అడగలేదు. నువ్వూ అడగొద్దు.

అందుకని పేరంటపల్లిలో దిగండి, గుడి చూడండి, కొండ మీంచి వచ్చే వాగులో కాళ్లు కడుక్కోండి. ఇసుక తిన్నె మీద ఆగితే మాత్రం పడవాయన గీసిన గీత దాటొద్దు. ఆయన చదువుకోలేదని, మీరు కంప్యూటర్లు చదివినారని అనుకోవద్దు. ఆ ఏరు ఆయన చదువుకున్నదే.

బేనిషా కాయలు అర డజను మీ అమ్మతో పంపిస్తున్నా, రైల్లో దోరగా ఉంటాయి, బోటెక్కే పొద్దుకు మాగుతాయి. తొక్కలు ఏట్లో వేయొద్దు. ఎక్కేటప్పుడు ఒక ఫోను, దిగినాక ఒక ఫోను చెయ్యి. నడుమ సిగ్నలు ఉండదంట. ఆ కాసేపూ నేను మీ నాయన పక్కనే కూర్చుంటాలే.

మీ అవ్వ