గుట్ట మీది చెట్టును తవ్వి బోన్సాయ్ చేయొచ్చా? నా అనుభవం

మీ ఊరి గుట్ట మీద బండల సందుల్లో, మేకలు మేసి మేసి మోకాలెత్తు దాటని, మొదలు మాత్రం ముంజేయంత లావున్న చెట్లున్నాయన్నారు. ఒకటి తవ్వి తెచ్చి బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టుగా, పెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. నేను ఆ పని చేసినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పధ్నాలుగేళ్ళ కిందట, కర్నూలు వైపు మా సొంతూరి గుట్ట మీద ఒక బిల్లుడు చెట్టు కనిపించింది. ఎన్నేళ్ళు పెంచినా కుండీలో రాని వంపు దానిది. ఆశ ఆగలేదు. గడ్డపారతో రెండు గంటలు తవ్వాను. మొదలు చుట్టూ పీచు వేర్లుంటాయనుకున్నాను, ఒక్కటీ లేదు. బొటనవేలంత లావున్న తల్లివేరు ఒకటే బండ పగులులోకి నిలువునా దిగిపోయింది. తడి ఎక్కడో లోతున ఉంటుంది కాబట్టి నీళ్ళు తాగే సన్న వేర్లన్నీ అక్కడే ఉంటాయి. అక్కడికి మన గడ్డపార అందదు. జానెడు లోతులో ఆ వేరు తెగింది.

ఇంటికి తెచ్చి నాటాను. పన్నెండో రోజు చిగుళ్ళు వచ్చాయి. బతికిందని ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఇక్కడే చాలామంది మోసపోతారు. మొద్దులో దాచుకున్న ఆహారంతో చెట్టు ఒకసారి చిగురు వేస్తుంది. కింద కొత్త వేరు పుట్టిందనడానికి అది గుర్తు కాదు. రెండు నెలలకు ఆకులు ముడుచుకున్నాయి. గోటితో బెరడు గీరితే పచ్చదనం లేదు. పెకలించి చూస్తే తెగిన వేరు మీది తోలు తడిసిన అట్టలా ఊడి వచ్చింది, వెంట్రుకంత కొత్త వేరు కూడా లేదు.

మరుసటి ఏడు గుట్ట ఎక్కితే మేకలు కాసే పెద్దాయన ఎదురయ్యాడు. ఆ గుంట చూపించి, "ఈడ చెట్టుండె, ఏమాయె సారూ?" అన్నాడు. నేనే తీసుకుపోయానని చెప్పాను. "నేను చిన్నపిల్లోడప్పుడు గూడ అంతే ఉండె. ఎండాకాలం దాని నీడలో సద్దిగిన్నె పెట్టుకుంటాంటి," అన్నాడు. కోపమేమీ లేదు ఆ గొంతులో. మోకాలెత్తు చెట్టు నీడ గిన్నెకు సరిపోతుంది, ఆ గిన్నె కోసం అది అక్కడ ఉండాల్సింది. నాకు అది ఇప్పటికీ బాధే.

ఆ చోటు రిజర్వు ఫారెస్టు హద్దులోకి వస్తుందని కూడా నాకు తర్వాతే తెలిసింది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా చెట్టు పెకలించడం నేరం, తెలంగాణలోనూ ఇదే చట్టం నడుస్తోంది. కొన్ని మొక్కలకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. తిరుమల కొండల్లో పెరిగే పేరిత అలాంటిదే. మీ గుట్ట ఎవరిదో ముందు రెవెన్యూ, అటవీ శాఖల వాళ్ళను అడగండి.

జపానువాళ్ళు కొండల మీద నుంచే తెచ్చేవారు కదా అంటారు. నిజమే, దానికి యమదోరి అని పేరే ఉంది. కానీ నీగాతా దగ్గర ఇతోయిగావా కొండల్లో జునిపర్ అనే చెట్లను ఏరి ఏరి దాదాపు ఖాళీ చేశారు. ఇప్పుడు ఆ రకం పేరుతో అమ్మేవాటిలో చాలా మటుకు కొమ్మలు నాటి పెంచినవే.

మరి లావు మొదలున్న చెట్టు ఎక్కడ దొరుకుతుంది? మన పిట్టగోడల మీద! పక్షులు వేసిన గింజతో రావి, మర్రి, జువ్వి మొలవని పాత ఇల్లు మన ఊళ్ళలో ఉందా? అవి ఎలాగూ ఇంటికి చేటు, యజమాని ఎప్పుడో ఒకప్పుడు పీకించాల్సిందే. రావిని చంపడానికి చేయి రాక ఊరుకున్నవాళ్ళయితే, బతికించి తీసుకెళ్తానంటే సంతోషంగా ఇస్తారు. గుడి గోపురాల మీద మొలిచినవాటి జోలికి మాత్రం మీ అంతట మీరు వెళ్ళకండి, వేరు లాగితే కట్టడం కదులుతుంది.

నా దగ్గరున్న జువ్వి అలా వచ్చిందే. తొమ్మిదేళ్ళ కిందట మా వీధిలో సున్నం గచ్చు ఇల్లొకటి పడగొడుతున్నారు. మేస్త్రీని బతిమాలి ఒక పూట ఆపించాను. ఉలితో గచ్చు కొంచెం కొంచెంగా గీకుతూ పోతే వేర్లు ఇటుకల మధ్య అరచేతిలా పరుచుకుని కనిపించాయి, ఇటుక అంచు ముద్ర వాటి మీద అలాగే పడి ఉంది. రెండు ఇటుకలను ఎంతకీ వదల్లేదు, వాటితో సహా తెచ్చాను. తొలకరి పడ్డ వారమది. తెగిన చోట పాలు కారడం ఆగేదాకా తడిగుడ్డ చుట్టి ఉంచి, ఆకులన్నీ తీసేసి, బఠాణీ గింజంత ఇటుక ముక్కల్లో నాటాను. ఇటుక పొడి జల్లించి పారేయాలి, లేకపోతే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. గాలికి ఊగితే కొత్త వేర్లు తెగుతాయని మొదలును కుండీకి తాడుతో కట్టాను. రెండు నెలలు నీడలోనే ఉంచాను. ఎరువు వేయలేదు, లాగి చూడలేదు. ఆ ఇటుకల్లో ఒకటి ఇప్పటికీ వేర్ల కౌగిట్లో ఉంది.

పిట్టగోడతో పాటు పాత గోరింట కంచెలు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తీసేసే కాగితంపూల చెట్లు కూడా చూడండి. కాగితంపూలకు మొదలు త్వరగా లావెక్కుతుంది, వేర్లు బాగా నరికినా తట్టుకుంటుంది. మీ సొంత పొలం గట్టున మర్రో జువ్వో ఉంటే, నచ్చిన కొమ్మకు వానాకాలంలో గాలి అంటు కట్టండి. రెండంగుళాల మేర బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కవరు బిగించి కడితే సాధారణంగా రెండు మూడు నెలల్లో తెల్లటి వేర్లు కవరులోంచే కనిపిస్తాయి. కొమ్మ మీకు, చెట్టు గట్టుకు.

తొలకరికి ముందే మీ వీధిలో ఏయే ఇళ్ళు పడగొడుతున్నారో కనుక్కుని పెట్టుకోండి. గోడ మీద మొక్క కనిపిస్తే, మొదలు దగ్గర గచ్చు ఎంత మేర పగిలిందో తెలిసేలా ఫోటో తీసి పెట్టండి. ఇటుకతో సహా తీయాలో, ఉలి సరిపోతుందో చూసి చెబుతాను.